పరుల చేలలో వేట

పండుగ సెలవులు వచ్చినతోడనే మన సీమ పల్లెలలోని పడుచువారు కుక్కలను వెంటబెట్టుకొని, కఱ్ఱలును వలలును చేతబట్టి కుందేళ్ల వేటకు బయలుదేరుట చిరకాలముగా వచ్చుచున్న వాడుక. చిన్న పిల్లలు ఉండేలు పట్టుకొని పిట్టలకై పొలముల వెంబడి తిరుగుటయు నట్టిదే. ఈ వేటనుగూర్చి మా విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. వానిలో ముఖ్యమైనది, మనము పరుగెత్తు నేల యెవరిది యను ప్రశ్నము.

ముందుగా మృగము మాట చెప్పెదము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట లైసెన్సుపై వేటకు కొంత చోటిచ్చెను గాని, 1991లో జరిగిన సవరణముతో ఆ తలుపు మూయబడెను. 2022లో సవరింపబడిన పట్టికలలో మన కృష్ణజింక మొదటిదానిలోను, కుందేలు, అడవిపంది రెండవదానిలోను ఉన్నవి. చట్టములో వేట యనగా చంపుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, తఱుముట, ఎర పెట్టుట, అందుకై ప్రయత్నించుట, పక్షుల గూళ్లను గ్రుడ్లను పాడుచేయుట కూడ వేటయే. చంపబడిన మృగము ప్రభుత్వపు సొత్తగును. కాబట్టి "చేనుగలవాడు సరే యన్నాడు" అని చెప్పినంతమాత్రమున కుందేలును కొట్టుట తప్పు కాకపోదు. తన పొలములో తానే కొట్టినను తప్పే.

అట్లయినయెడల చేనుగలవాని యనుమతి ప్రసంగ మేల యని కొందరడుగుదురు. ఎలుకలు పట్టువారును, బావులలో చేపలు పట్టువారును గలరు. పంటను పాడుచేయు పందులను కాల్చుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి యుత్తరువు పొందినవారు ఉండవచ్చును. వీరందరును పరుల నేలపై అడుగుపెట్టవలసినవారే. ఇక చట్టము నెఱుగక కుందేలు వెంట పరుగెత్తువారు రెండు తప్పులు చేయుచున్నారు. మొదటిది ప్రభుత్వమునకు, రెండవది రైతునకు. రెండవదానిని లెక్కించువారు తక్కువ గనుకనే యిది వ్రాయుచున్నాము.

పూర్వులు ఈ విషయమును ఆలోచింపకపోలేదు. అడవిమృగమునకు యజమాని లేడు, పట్టినవానిదే యది యని రోమకుల న్యాయము. 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరించిన ధర్మశాస్త్ర గ్రంథములో ఈ సూత్రమున్నది. అయితే దానివెంటనే, వేటకై తన భూమిలో ప్రవేశింపబోవువానిని భూస్వామి అడ్డగింపవచ్చునని కూడ అందు చెప్పబడినది. మృగము ఎవరిదైనను నేల మాత్రము నేలగలవానిదే. మన శాకుంతల కథలో దుష్యంతుడు లేడిని తఱుముచు ఆశ్రమ సమీపమునకు వచ్చినప్పుడు, అది ఆశ్రమ మృగము, చంపవలదని తాపసులు వారించిరి. రాజు వాదింపలేదు, ఎక్కుపెట్టిన బాణమును దించెను. రాజునకే మాట చెప్పగల చనువు ఆ తాపసుల కుండుట మాకు ఈ కథలో మిక్కిలి ఇష్టమైన భాగము.

మన జిల్లాలో నేల విలువ యెట్టిదో వేఱుగ చెప్పవలెను. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసిన పిమ్మట, 1807 వరకు తామసు మన్రో అనంతపురము కేంద్రముగా కలెక్టరు పనిచేసెను. ప్రతిరైతుతోను నేరుగా శిస్తు నిర్ణయించుకొను రైతువారీ పద్ధతి ఆయన కాలమున నిక్కడ వేళ్లూనినది. అందుచేత ఇక్కడ మెట్టచేను చూచుటకు బీడువలె కన్పట్టినను దానికొక పట్టా, ఒక పేరు, ఒక కుటుంబము ఉండును. కంచెలేదని అది దిక్కులేనిది కాదు. సాలునకు సగటున 550 మిల్లీమీటర్లకు మించని వాన. అదియు వేళకు రాదు. వేరుసెనగ విత్తుటకు దొరకిన ఒక్క పదను తప్పిపోయినచో మరల విత్తుటకు తేమ యుండదు, తేమ వచ్చుసరికి విత్తనము ఉండదు.

మే మెఱిగిన యొక పల్లెలో సంక్రాంతి మఱునాడు పదునేడుగురు పడుచువారు ఆఱు కుక్కలతో వేటకు పోయిరి. వారు పెద్దరైతుగారి మామిడితోట ప్రక్కగా పోవునప్పుడు కావలివానిని పిలిచి, అయ్యగారి సెలవు పుచ్చుకొని మరీ తోట దాటిరి. తోట కావలనున్నది ఒక విధవరాలి రెండెకరముల ఉలవచేను. అక్కడ ఎవరినీ అడుగలేదు. ఉలవకాయ యెండిన పిమ్మట తాకిన చిట్లిపోవును. అందుచేతనే మంచు ఆఱకముందు తెల్లవాఱుజామున చేను పెఱుకుదురు. మిట్టమధ్యాహ్నము ఆఱు కుక్కలును పదునేడుగురు మనుష్యులును ఆ చేనిలో ఒక కుందేలును చుట్టబెట్టిరి. కుందేలు తప్పించుకొనినది. ఉలవలు నేలరాలినవి. ఆమె వారము దినములు కూర్చుండి చేటతో ఎత్తినను మట్టితో గూడిన రెండు తూముల గింజకన్న దక్కలేదు. ఊరిలో ఎవరును దీనిని తగవుగా నెంచలేదు. పండుగనాటి పిల్లలాట యనిరి.

భూస్వామిని గౌరవించుట యనగా మన యూళ్లలో తఱచు పెద్దవానిని గౌరవించుటయే యగుచున్నది. తోటగలవానికి కావలివాడు కలడు, కుక్కలు కలవు, స్టేషనులో పలుకుబడి కలదు. అనుమతి యడుగుట అక్కడ భయముచేత జరుగును. రెండెకరములవాని కట్టివి లేవు. నష్టము మాత్రము వానికే యెక్కువ. అహాబు రాజునకు నాబోతు ద్రాక్షతోట ఎందుకు చిక్కెనో రాజుల మొదటి గ్రంథము చదివినవా రెఱుగుదురు.

అనుమతి పుచ్చుకొనుటలో ప్రాణరక్షణ కూడ నున్నది. వేరుసెనగ కాయపట్టునప్పుడు పందులు రాత్రులందు గుంపులుగా వచ్చి చేనిని దున్నినట్లు చేయును. కొందరు రైతులు విసిగి చేనిచుట్టు కరెంటుతీగ లాగుదురు. కొందరు పిండిముద్దలో నాటుబాంబు పెట్టి గట్టుమీద ఉంచుదురు. రెండును నేరములే. ఆ తీగ పందికిని మనిషికిని భేద మెఱుగదు. మన రాష్ట్రములో ఇట్టి తీగలు తగిలి దారినపోవువారును, తీగ కట్టిన రైతులే యొకప్పుడును మరణించిరి. నాటుబాంబు కొఱికి పశువులు దవడలు పగిలి చచ్చినవి. చెప్పక చీకటిలో పరుని చేను ప్రవేశించువాడు ఈ యపాయమును తన చేజేతుల తెచ్చుకొనుచున్నాడు. ఆ చేనుగలవాడు కూడ హంతకుడను పేరు మోయవలసివచ్చును.

ఇక నడుగు విధము. పట్టా ఒకరిపేరనుండి, సేద్యము కౌలుదారు చేయుచున్నయెడల ఇద్దరినీ అడుగవలెను, పంట కౌలువానిది. ముందునాడే పోయి, "అన్నా, రేపు మేము నలుగురము మీ బావిలో చేపలకు వచ్చెదము, కుక్కలను తేము" అని సంఖ్యయు సమయమును తెలుపవలెను. "వద్దు నాయనా" అన్నచో కారణ మడుగక మరలవలెను. ఒకసారి ఇచ్చిన సెలవు ఆ దినమునకే గాని ఏడాదికి కాదు. పోవునప్పుడు సాళ్లను త్రొక్కక గెనెమువెంట నడువవలెను. ముళ్లకంప తొలగించి లోన ప్రవేశించినచో తిరిగి అడ్డము వేయవలెను. ఆ సందున మేకలు దూరినచో రైతు నష్టమునకు మూలము మనమే. వామిదగ్గఱ బీడీ కాల్చుట, పొగపెట్టుట కూడదు. ఒకని చేనిలో పుట్టిన నిప్పు ఇంకొకని పనలను కాల్చినచో నిప్పు పెట్టినవాడు అచ్చుకొనవలెనని నిర్గమకాండములో స్పష్టముగా నున్నది. పొరుగువాని పైరులోనికి వెళ్లినవాడు చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును గాని కొడవలి వేయరాదని ద్వితీయోపదేశకాండము. ఆకలిగొన్నవానికి చోటిచ్చుచు, దోచుకొనువానికి హద్దుపెట్టిన ఆ చట్టము మాకు ఎంతో న్యాయముగా తోచుచున్నది.

ఎలుకలు పట్టుటలో మన రాష్ట్రపు యానాదులు నేర్పరులు. కన్నమునకు పొగపెట్టి, ఏ ద్వారమున ఎలుక వెలువడునో చూచి పట్టుదురు. కన్నములో దాచిన గింజ తమకో రైతునకో త్రవ్వకముందే మాటాడుకొనుట మంచిది. మన పిల్లలు వేరుసెనగ చేలలో ఎలుకబొక్కలు త్రవ్వునప్పుడు కాయలు తీసికొని గుంతను అట్లే విడిచిపోవుచుందురు. గెనెముమీద త్రవ్విన గుంత పూడ్చకున్నచో మొదటి వానకే అక్కడ గండి పడును. ఆ చేనికి నిలువవలసిన నీరు, దానితోబాటు పైమట్టియు, వంకపాలగును. త్రవ్విన మట్టిని మరల నింపి, కాలితో గట్టిగా త్రొక్కి, పైన నాలుగు రాళ్లు పేర్చుటకు పావుగంట పట్టును.