బీరువా తలుపు లోపలి చీటీ

తెనాలిలో నాకొక పాత స్నేహితుడుండేవారు. ‘భారతి’ మాసపత్రిక అంటే ప్రాణం. 1924 జనవరి నాటి మొదటి సంచికతో మొదలుపెట్టి, ఏడాదికో కట్ట చొప్పున అట్టలు కుట్టించి, కలరా ఉండలు వేసి దాచుకున్నారు. ఆయన పోయాక పన్నెండో రోజు భోజనానికి వెళితే ముందు గది ఖాళీగా ఉంది. చుట్టాలు పడుకోవడానికి చోటు చాలక, కట్టలన్నీ పాత పేపర్లతనికి కిలోల లెక్కన వేసేశారట. “నాన్న ఏమీ చెప్పలేదు మాస్టారూ” అన్నాడు కొడుకు, తల దించుకుని. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. వీలునామాలో ఇల్లుంది, పొలముంది. పుస్తకాల ఊసే లేదు.

పేరున్న సేకర్తల సంగతి వేరు. హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోకుండానే 1949లో పోతే, ఆయన సేకరణ 1951లో మ్యూజియం అయింది. కొట్టైయూర్ రోజా ముత్తయ్య 1992లో కన్నుమూశాక ఆయన తమిళ పుస్తకాలను చికాగో విశ్వవిద్యాలయం కొన్నది. అవి ఇవాళ చెన్నైలో గ్రంథాలయంగా ఉన్నాయి. మనలాంటి వాళ్ల ఇంటికి అలా ఎవరూ వెతుక్కుంటూ రారు.

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తర్వాత తగాదా తగ్గుతుంది. అయితే ఆ కాగితం బయటికొచ్చేలోపే తూకం అయిపోవచ్చు. అందుకే నా నాలుగు బీరువాల తలుపుల లోపల ఒక్కో చీటీ అంటించాను: ఏ పత్రిక, ఏ సంవత్సరాలు, ఏ సంచికలు లేవు, ఎవరికి ఇవ్వాలి. నకలు మా అమ్మాయి దగ్గరుంది. ఆ జాబితా పట్టుకుని గ్రంథాలయానికి వెళితే, తమ దగ్గర లేనివేవో వాళ్లు అక్కడికక్కడే టిక్కు పెట్టారు. ఉన్నవాటిని మరో ఊరికి పంపిస్తామన్నారు. ముందే అడిగి, వాళ్లు ఒప్పుకున్నదే వీలునామాలో రాయాలి.

మా తాతగారి తాళపత్రాలు రెండు కట్టలకు వేరే చీటీ పెట్టాను. 1972 నాటి చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువున్న రాతప్రతికి డెబ్భై ఐదేళ్లు దాటితే అది పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఈ సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పాను.

నిరుడు రెండు బీరువాలు నా చేతులతోనే గ్రంథాలయానికి ఇచ్చేశాను. ఇస్తున్నప్పుడు గుండె పిండినట్టయింది, నిజమే. కాని ఏ కట్ట ఎందుకు విలువైనదో పక్కన నిలబడి చెప్పగలిగాను. మీ ఇంట్లోనూ అలాంటి బీరువా ఉంటే, ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి అర తెరవండి. మీరు చెబుతుంటే వాళ్ల చేత రాయించండి.