కంప్యూటరులో పాట చెడితే ముందు వెతకాల్సింది కంప్యూటరు బయటే!

ఇళ్లలో రికార్డింగు చేసుకునే వారికి కొన్ని మెలకువలు

కమాన్‌పూర్: బొగ్గుగనుల ప్రాంతంలో పాటకు ఏనాడూ కొదవ లేదు. నాట్ల పాట, బతుకమ్మ పాట, ఒగ్గుకథ, డప్పు దరువు, తట్టాచెమ్మస పట్టి బొగ్గు నింపిన కార్మికుల పాట - ఏ ఊరికి పోయినా ఏదో ఒకటి వినిపిస్తుంది. కొరత అల్లా ఆ పాటను చెడకుండా పట్టి దాచడంలోనే ఉంది.

ఒకప్పుడు పాట రికార్డు చేయించాలంటే పెద్ద పట్నంలోని స్టూడియోకు పోవాల్సిందే. గంటల లెక్కన కిరాయి కట్టాల్సిందే. నేడు ఒక లాప్‌టాప్, ఒక మైకు, ఆ మైకును కంప్యూటరుకు కలిపే చిన్న ఇంటర్‌ఫేసు పెట్టె ఉంటే సింగరేణి క్వార్టరులోని ముందు గదే స్టూడియో అవుతున్నది. 2000 సంవత్సరంలో విడుదలైన ఆడాసిటీ అనే సాఫ్టువేరుకు పైసా ఖర్చు లేదు. రీపర్ అనే దాన్ని 60 రోజులు ఉచితంగా వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు. ఫోనులోనే పని కానిచ్చే బ్యాండ్‌ల్యాబ్ వంటివీ ఉన్నాయి.

సౌకర్యం పెరిగినా బాధలు తప్పడం లేదు. గొంతు పగిలినట్టు వస్తుంది. వెనుక గుయ్‌మని మోత వినిపిస్తుంది. తాళం వెనుకబడుతుంది. పెన్‌డ్రైవులో పెట్టుకొని పోయిన పాట మరో కంప్యూటరులో తెరుచుకోదు. వెంటనే సాఫ్టువేరును తిట్టి మరొకటి ఎక్కించుకోవడం చాలామందికి అలవాటు. నిజానికి ఈ లోపాల్లో ఎక్కువ భాగం సాఫ్టువేరుకు చేరక ముందే పుడతాయి. గది, మైకు, తీగ, సెట్టింగు - ఈ వరుసలో వెతికితే చాలావరకు దొరికిపోతాయి.

మళ్లీ పాడే వారేరి?

సినిమా పాట చెడితే గాయకుడిని పిలిచి మళ్లీ పాడించుకోవచ్చు. ఎనభై ఏళ్ల అవ్వ పాడిన పాట చెడితే ఆమె మళ్లీ పాడేదాకా ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా ఈ ప్రాంతానికి మరో చిక్కు ఉన్నది. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊళ్లు ఖాళీ అయినప్పుడు జనం తలోదిక్కు పోతారు. ఒకే వాడలో ఉండి, ఒకరు అందుకుంటే పదిమంది పలికిన గొంతులు ఆ తరువాత ఒకచోట చేరడం అరుదు. ఇల్లు పోతే నష్టపరిహారం లెక్క కడతారు. పాటకు లెక్క లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు 1950 దశకంలోనే పల్లె పాటలను సేకరించి గ్రంథస్థం చేశారు. అయితే కాగితం మీద మాట నిలుస్తుంది గాని బాణీ నిలవదు. బాణీని నిలిపే సాధనం ఇప్పుడు ఇంటింటా ఉన్నది. దాన్ని సరిగా వాడటమే మిగిలింది.

మొదట గది

సున్నం గోడలు, సిమెంటు గచ్చు ఉన్న ఖాళీ గదిలో గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తుంది. ఆ గింగురును తరువాత ఏ సాఫ్టువేరూ పూర్తిగా తీసివేయలేదు. వేల రూపాయల ఫోము పలకలు కొనకుండానే దీన్ని తగ్గించవచ్చు. పాడే మనిషి వెనుకా, పక్కలా బొంతలు, గొంగళ్లు వేలాడదీయాలి. ఒక పరుపును గోడకు నిలబెట్టాలి. గచ్చు మీద చాప, దానిపై దుప్పటి పరచాలి. చప్పట్లు కొట్టి చూస్తే తేడా చెవికే తెలుస్తుంది.

పంకా, కూలరు, ఫ్రిజ్ ఆపాలి. బోరు మోటారు నడవని సమయం చూసుకోవాలి. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు వేళ చుట్టుపక్కల ఊళ్లకు తెలిసిందే కనుక ఆ సమయంలో రికార్డింగు పెట్టుకోకపోవడం మంచిది. పాట మొదలు కాకముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది చప్పుడును రికార్డు చేసుకోవాలి. దీని ఉపయోగం తరువాత తెలుస్తుంది.

మైకు ఎంత దూరం?

పాడేవారి నోటికి మైకు జానెడు దూరంలో ఉంటే చాలు. మరీ దగ్గరైతే గొంతు బరువెక్కి మోగుతుంది, ప, బ, భ అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగులుతుంది. మైకును నోటికి సూటిగా గాక కాస్త పక్కకు పెడితే ఆ దెబ్బ తప్పుతుంది. డప్పు సంగతి వేరు. దాన్ని కనీసం బారెడు దూరంలో ఉంచకపోతే గొంతును మింగేస్తుంది.

మైకులలో డైనమిక్, కండెన్సరు అని రెండు రకాలు ప్రధానమైనవి. స్టూడియో రకం కండెన్సరు మైకుకు ఇంటర్‌ఫేసు నుండి 48 వోల్టుల విద్యుత్తు అందాలి. ఇంటర్‌ఫేసు మీద 48 వి అని రాసి ఉన్న మీట నొక్కకపోతే అందులో చడీచప్పుడూ ఉండదు. మైకు పాడైందనుకొని దుకాణానికి మోసుకుపోయే ముందు ఆ మీటను చూసుకోవాలి.

కంప్యూటరు ఏ చెవితో వింటున్నది?

బయట ఖరీదైన మైకు పెట్టినా లాప్‌టాప్ తన సొంత చిన్న మైకుతోనే రికార్డు చేస్తుండటం తరచూ జరిగే పొరపాటు. దీనికి తేలిక పరీక్ష ఉన్నది. రికార్డింగు పెట్టి ముందు బయటి మైకును, తరువాత లాప్‌టాప్ కీబోర్డు పక్కన గోటితో తట్టాలి. దేన్ని తడితే తెర మీద గీత ఎగిరితే కంప్యూటరు వింటున్నది దానితోనే. లాప్‌టాప్‌ను తట్టినప్పుడు ఎగిరితే సాఫ్టువేరు సెట్టింగులో ఇన్‌పుట్‌ను మార్చాలి.

రెండిటికీ గీత కదలకపోతే విండోస్ సెట్టింగులలో ప్రైవసీ కింద మైక్రోఫోను అనుమతి తెరిచి ఉన్నదో లేదో చూడాలి. అది మూసి ఉంటే సాఫ్టువేరు నిశ్శబ్దాన్నే రికార్డు చేస్తుంది. పాట ఒక చెవిలోనే వినిపిస్తున్నదంటే ఒక్క మైకును స్టీరియో ట్రాకులో పట్టారన్నమాట. ట్రాకును మోనోకు మారిస్తే సరి.

స్థాయి సంగతి మరీ ముఖ్యం. పాట మంచి ఊపులో ఉన్నప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెళ్ల చుట్టుపక్కలే ఆడాలి. సున్నాను తాకితే గొంతు పగులుతుంది. పగిలిన గొంతును అతికించడం దాదాపు అసాధ్యం. తక్కువ స్థాయిలో పట్టిన పాటను తరువాత పెంచుకోవచ్చు. 24 బిట్ల సెట్టింగు పెట్టుకుంటే అలా పెంచినా నష్టం ఉండదు.

తాళం వెనుకబడితే

పాడేవారికి తమ గొంతే ఆలస్యంగా చెవిలో పడితే తాళం తప్పుతుంది. దీనికి కారణం బఫరు. కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 లేదా 48,000 ముక్కలుగా కోసి, కొన్నింటిని పోగు చేసి పంపుతుంది. ఆ పోగే బఫరు. తట్ట నిండేదాకా ఆగి ఎత్తినట్టే ఇదీను. 48,000 లెక్కన 512 ముక్కల తట్ట నిండటానికి సుమారు 10.7 మిల్లీసెకన్లు, 128 ముక్కల తట్టకు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. పోవడానికీ రావడానికీ కలిపితే ఆలస్యం అంతకు రెట్టింపు, ఆపైన కూడా ఉంటుంది.

అందుచేత పాడించేటప్పుడు బఫరు 128 దగ్గర పెట్టాలి. చిటపట శబ్దాలు వస్తే కంప్యూటరుకు ఊపిరి ఆడటం లేదని అర్థం. అప్పుడు 256కు పెంచాలి. బ్రౌజరు మూసివేయాలి, వైఫై ఆపాలి. పాడటం అయిపోయి మిక్సింగు మొదలయ్యాక 1024 పెట్టినా ఇబ్బంది లేదు. విండోస్‌లో ఇంటర్‌ఫేసు కంపెనీ వారిచ్చే ఏసియో డ్రైవరు వాడితే ఆలస్యం బాగా తగ్గుతుంది. అయితే ఆడాసిటీ మామూలుగా ఈ డ్రైవరుతో పని చేయదు. రీపర్, క్యూబేస్ వంటివి చేస్తాయి. ఇంటర్‌ఫేసు మీద డైరెక్ట్ మానిటరు మీట ఉంటే దాన్ని వాడటం అన్నిటికన్నా తేలిక. గొంతు కంప్యూటరు చుట్టూ తిరగకుండా సూటిగా చెవికి చేరుతుంది.

పాడేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పనికిరావు. వాటిలో ఆలస్యం ఎక్కువ. వాటి మైకును వాడితే ధ్వని కూడా ఫోను మాటల స్థాయికి పడిపోతుంది. తీగ ఉన్నవే మేలు.

శ్రుతి దిగితే, మోత వస్తే

48,000 లెక్కన పట్టిన పాటను 44,100 లెక్కన నడిపితే నాలుగు నిమిషాల పాట మరో 21 సెకన్లు సాగుతుంది. శ్రుతి కూడా హార్మోనియం మీద దాదాపు ఒకటిన్నర మెట్టు దిగుతుంది. గాయని గొంతు మగగొంతులా వినిపించిందని ఆశ్చర్యపోయే పని లేదు. ఇంటర్‌ఫేసులో, సాఫ్టువేరులో ఒకే అంకె పెట్టాలి. వీడియోతో కలపదలచిన పాటకు మొదటి నుంచీ 48,000 పెట్టుకోవడం మంచిది.

గుయ్‌మనే మోత కరెంటుది. రామగుండం థర్మల్ కేంద్రం నుంచి వచ్చినా మరెక్కడి నుంచి వచ్చినా మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో ఆ ఊపు మైకు తీగలోకి చొరబడుతుంది. ముందు లాప్‌టాప్ చార్జరు తీసి చూడాలి. మోత పోతే దోషం అక్కడే ఉన్నట్టు. అలాంటప్పుడు బ్యాటరీ మీదనే రికార్డింగు కానివ్వాలి, ఎర్తింగును ఎలక్ట్రీషియనుకు చూపించాలి. మైకు తీగను కరెంటు తీగలతో కలిపి చుట్టకూడదు.

కడగడం మితంగా

ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్‌కు ముందుగా గది చప్పుడు మచ్చు చూపించాలి. మొదట్లో పట్టిన ఆ పది సెకన్లు ఇందుకే. ఆ మచ్చును చూసి గదిలోని సన్నని రొదను అది తగ్గిస్తుంది. మోతాదు మించితే గొంతు నీళ్లలో మునిగి పలికినట్టవుతుంది. 80 హెర్ట్‌జుల కింది భాగాన్ని కత్తిరిస్తే లారీల గురగురలు, మైకు స్టాండు అదురు చాలావరకు పోతాయి. డప్పు ట్రాకుకు మాత్రం ఆ కత్తెర వేయకూడదు.

పెద్దవారి చేత పాడించేటప్పుడు చెవిలో టిక్కు టిక్కుమనే మెట్రోనోము పెట్టడం తగదు. జానపదం నడక ఊపిరిని బట్టి ఉంటుంది. ముందు గొంతును స్వేచ్ఛగా పట్టి, వాయిద్యాన్ని దాని వెంట నడిపించాలి. శ్రుతిని సరిచేసే ఆటోట్యూను కూడా ఇక్కడ ముప్పే. హార్మోనియం మెట్లకు అందని స్వరపు వంపే ఆ బాణీకి ప్రాణం. దాన్ని చదును చేస్తే మిగిలేది మాటలే.

అందరికన్నా గట్టిగా వినిపించాలని పాటను పిండి పిండి స్థాయి పెంచడం వృథా. యూట్యూబు మైనస్ 14 లఫ్స్ అనే కొలత దాటిన పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. పెంచిన గట్టిదనం పోయి, పిండిన నలుగుడు మాత్రం మిగులుతుంది.

దాచకపోతే పట్టీ లాభం లేదు

ఇన్ని జాగ్రత్తలతో పట్టిన పాట చివరకు ఫైలు పోయి దక్కకుండా పోవడం అన్నిటికన్నా బాధాకరం. 2021లో వచ్చిన 3.0కు ముందరి ఆడాసిటీలో ప్రాజెక్టు ఫైలు వేరు, ధ్వని ఉండే ఫోల్డరు వేరు. ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవులో వేసుకొని, కంప్యూటరు శుభ్రం చేసినవారికి పాట దక్కలేదు. ఆ తరువాత రెండూ ఒకే ఫైలుగా మారాయి. రీపర్‌లో ఇప్పటికీ ప్రాజెక్టు ఫైలులో ధ్వని ఉండదు. భద్రపరిచేటప్పుడు ధ్వనినంతటినీ ప్రాజెక్టు ఫోల్డరులోకి నకలు చేయమనే గడిలో టిక్కు పెట్టి, ఫోల్డరు మొత్తాన్ని తీసుకుపోవాలి.

ముడి రికార్డింగును ముట్టుకోకుండా వేవ్ రూపంలో ఉంచి, దాని నకలు మీదనే పని చేయాలి. 48,000, 24 బిట్ల మోనో వేవ్ గంటకు సుమారు 518 మెగాబైట్లు. అంటే 64 జీబీ పెన్‌డ్రైవులో నూరు గంటలకు పైగా పాట పడుతుంది. జాగా చాలదని ఎంపీ3లోకి కుదించే అవసరం నేడు లేదు. మూడు నకళ్లు ఉంచాలి. అందులో రెండు వేర్వేరు సాధనాల మీద ఉండాలి. ఒకటి మరో ఇంట్లోనో, ఇంటర్నెట్టు ఖాతాలోనో ఉండాలి.

ఫైలుకు కొత్త పాట, కొత్త పాట 2, చివరిది అని పేర్లు పెడితే ఏడాది తిరిగేసరికి పెట్టినవారికే అర్థం కాదు. తేదీ, ఊరు, పాడినవారి పేరు, పాట మొదటి మాట - ఈ నాలుగూ ఉండాలి. పాడే ముందు వారి చేతనే పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చిందీ చెప్పించి రికార్డు చేస్తే ఆ వివరం పాట వెంటే ఉంటుంది. యూట్యూబులో పెట్టేట్లయితే వారి సమ్మతి తీసుకోవాలి, వారి పేరు వేయాలి. పాట సేకరించినవారి పేరు పెద్దక్షరాల్లో వేసి, పాడిన అవ్వ పేరు మరవడం న్యాయం కాదు.

లాప్‌టాప్ లేనివారు ఫోనుతోనైనా ఈ పని చేయవచ్చు. ఫోనును ఏరోప్లేను మోడులో పెడితే మధ్యలో కాల్ వచ్చి పాట తెగదు. రికార్డరు సెట్టింగులో వేవ్ ఉంటే దాన్నే ఎంచుకోవాలి. బయట గాలి ఉంటే మైకు రంధ్రం గాలికి ఎదురుగా లేకుండా తిప్పుకోవాలి.

బతుకమ్మ ఏటా తొమ్మిది రోజులే. ఆ తొమ్మిది రోజుల్లో బయటికి వచ్చే పాటల్లో కొన్ని మిగతా ఏడాదంతా వినిపించవు. పండుగకు వారం ముందే ఇంట్లో ఒక సాయంత్రం కూర్చొని గది, మైకు, తీగ, సెట్టింగు వరుసగా సరిచూసుకొని, ఒక నిమిషం పాట పట్టి, దాన్ని భద్రపరిచి, మరో కంప్యూటరులో తెరిచి చూసుకుంటే సగం బాధలు అప్పుడే తీరతాయి. అవ్వను కూర్చోబెట్టి తీగలు వెతుక్కునే పరిస్థితి రాదు.