4.5 నీటి అడుగున జీవుల అతుకును నిరోధించే పాలిమర్ పూతలు

ఈ భాగం చదివిన తరవాత మీరు: బయోఫౌలింగ్ అంటే ఏమిటో, దాన్ని నిరోధించే రెండు రకాల పాలిమర్ పూతలు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.

4.5.1 సమస్య

విజయవాడలో కృష్ణా ఘాట్ల మెట్లమీద కాలు జార్చే పాకుడును మీరు చూసే ఉంటారు. నీటిలో మునిగిన ఏ తలం మీదనైనా మొదట కర్బన అణువుల పలుచని పొర, దానిపై బాక్టీరియా, డయాటమ్‌లు చేరి ఇటువంటి జిగురు పొరను ఏర్పరుస్తాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన మంచినీరు కాబట్టి అక్కడ బార్నకిల్స్ పెరగవు. మచిలీపట్నం వద్ద గిలకలదిండి వంటి ఉప్పునీటి రేవుల్లో మాత్రం పడవ అడుగున బార్నకిల్స్, ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు కూడా అతుక్కొంటాయి. దీనినే బయోఫౌలింగ్ అంటారు. అడుగు గరుకైతే నీటి నిరోధం పెరుగుతుంది. అదే వేగానికి డీజిల్ ఎక్కువ ఖర్చవుతుంది.

మన తీరంలో ఈ సమస్యను చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నారు. విశాఖపట్నం రేవులోని ఈ జీవుల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1958లో వివరంగా ప్రచురించారు. అమెరికా ఉష్ణమండల తీరాలకు చెందిన మైటిలాప్సిస్ సాలీ అనే ఆల్చిప్ప జాతిని అదే రేవులో 1967లో గుర్తించారు. అంటే ఓడలకు పట్టిన జీవులు కొత్త తీరాలకు వలస కూడా పోగలవు.

4.5.2 విషంతో నిరోధించే పూతలు

1970ల నుంచి ట్రైబ్యుటైల్ టిన్ ఉన్న మెథాక్రిలేట్ కోపాలిమర్ పూతలు విరివిగా వాడారు. వీటిలో టిన్ సమూహం పాలిమర్ గొలుసుకు ఎస్టర్ బంధంతో కలిసి ఉంటుంది. స్వల్పంగా క్షారగుణం గల సముద్రజలంలో ఆ బంధం జలవిశ్లేషణ చెందుతుంది. విషం విడుదలవుతుంది, మిగిలిన గొలుసు నీటిలో కరిగే లవణంగా మారి కొట్టుకుపోతుంది, కింది తాజా పొర బయటపడుతుంది. పూత తనను తానే నునుపు చేసుకొంటుందన్నమాట.

అయితే ఈ విషం పడవ దగ్గరే ఆగలేదు. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతినడంతో ఆ దేశం 1982లో చిన్న పడవలకు దీన్ని నిషేధించింది. ప్రపంచస్థాయి ఒప్పందం 2001లో ఆమోదం పొంది, 2008లో అమల్లోకి వచ్చింది. ప్రస్తుతం రాగి సమ్మేళనాల పూతలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రాగి కూడా నీటిలోకే చేరుతుంది కదా! రొయ్య, పీతల మీద బతికే డెల్టాకు ఇది పట్టించుకోవలసిన విషయమే.

4.5.3 అతుకు ఊడిపోయే పూతలు

ఇక్కడ ఉద్దేశం జీవిని చంపడం కాదు, దాని పట్టు సడలించడం. ఊడదీయడానికి కావలసిన బలం సుమారుగా ఉపరితలశక్తి, యంగ్ గుణకాల లబ్ధపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అందుకే టెఫ్లాన్ ఉపరితలశక్తి సిలికోన్ కంటే తక్కువైనా, అది ఎంతో దృఢమైనది కాబట్టి ఈ పనికి అంతగా పనికిరాదు. పాలీడైమిథైల్ సిలోక్సేన్‌లో సిలికాన్-ఆక్సిజన్ గొలుసు సులభంగా వంగుతుంది. పైతలంలో మిథైల్ సమూహాలుంటాయి. తక్కువ ఉపరితలశక్తి, మెత్తదనం రెండూ ఉండటంతో ఓడ వేగంగా సాగేటప్పుడు నీటి ఒరిపిడికే గుల్లలు ఊడిపోతాయి.

పరిమితులు లేకపోలేదు. నెమ్మదిగా నడిచే, రోజుల తరబడి లంగరేసి ఉండే చేపల పడవకు ఆ ఒరిపిడి చాలదు. ఇసుక మేట వేసిన మొగలో అడుగు రాసుకుంటే మెత్తని పూత చిరుగుతుంది. అందువల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో పడవను గట్టెక్కించి, గుల్లలు గోకి, రంగు వేసే పాత పద్ధతికి ఇంకా అవసరం ఉంది. విషం లేకుండా, నిలిచిన పడవనూ కాపాడే గట్టి పూతను తయారుచేయడమే ఈ రంగంలో మిగిలిన సవాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మెథాక్రిలేట్ పూత తనంతట తాను నునుపుగా ఉండటానికి కారణమైన రసాయన చర్య ఏది?
2. ఉపరితలశక్తి తక్కువైనా టెఫ్లాన్ కంటే సిలికోన్ ఎందుకు మేలు?