తేలివచ్చు బంతి

మన పాఠశాల మైదానములలో సాయంకాలమున తరచు కానవచ్చు దృశ్యమొకటి కలదు. పదునాలుగేండ్ల బాలుడొకడు నాలుగడుగులు వేసి, మణికట్టు త్రిప్పి, బంతిని పైకి తేలవేయును. అవతలివాడు ముందుకు దూకి దానిని ప్రహరీగోడ దాటించును. వెంటనే కెప్టెను కేక వేయును: “పైకెయ్యకురా! చదునుగా నెట్టెయ్!” బాలుడు తల యూపును. తరువాతి బంతి వడిగా, చదునుగా పోవును. ఒక్క పరుగే వచ్చును. అందరును సంతోషింతురు. ఆ బాలుడు ఏమి విడిచిపెట్టెనో గమనించువా రరుదు.

స్పిన్ బౌలింగు అనగా బంతి నేలపై పడి ప్రక్కకు తిరుగుటయే యని పలువురి భావము. అది సగము మాత్రమే. తక్కిన సగము గాలిలోనే జరుగును. ముందువైపునకు దొర్లునట్లు త్రిప్పి విడిచిన బంతిని చుట్టునున్న గాలి క్రిందికి నొక్కును. భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు దీనిని మాగ్నస్ ప్రభావమను పేరున ఎరుగుదురు. బంతి తన చెంతకే వచ్చుచున్నదని బ్యాట్స్‌మన్ అడుగు ముందుకు వేయును. అది అతడనుకొన్న చోటికి ఇవతలనే దిగిపోవును. రెండు క్రీజుల నడుమ దూరము సుమారు 17.7 మీటర్లు. గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, గంటకు 80 కిలోమీటర్ల వేగముగల బంతి దీనిని దాటుటకు 0.8 సెకను పట్టును. 95 కిలోమీటర్ల వేగమైనచో 0.67 సెకను. విద్యార్థులు తామే లెక్క వేసి చూచుకొనవచ్చును. వడిగా నెట్టిన బంతి బ్యాట్స్‌మన్‌కు ఆలోచించు వ్యవధిని తగ్గించు మాట నిజమే. కాని అతడు పొరపడుటకు వలయు వ్యవధిని గూడ తగ్గించును!

ఈ మోసము ఒక్క బంతితో ముగియునది కాదు. 1956 జులైలో మాంచెస్టరు నగరమందలి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున ఆస్ట్రేలియాపై జిమ్ లేకర్ 90 పరుగులకు 19 వికెట్లు తీసిన సంగతి క్రికెట్టు ప్రియు లందరును ఎరిగినదే. అందుకై ఆతడు 68 ఓవర్లు, అనగా 408 బంతులు, వేసెనన్న సంగతి అంతగా వినరాదు. అంతయు పిచ్ మహిమ యనువారు లేకపోలేదు. అదే పిచ్‌పై రెండవ కొసనుండి టోనీ లాక్ అను మేటి స్పిన్నరు 69 ఓవర్లు వేసి ఒక్కటే వికెట్టు గడించెనని వారికి జ్ఞాపకము చేయవలసియున్నది.

నేటి ఇరువది ఓవర్ల పోటీలో బౌలరునకు లభించునవి 4 ఓవర్లు, 24 బంతులు. వల పన్నుటకు నాలుగు బంతులు వెచ్చించి, అందొకటి సిక్సరైనచో, తక్కిన ఓవర్లు ఆతని చేతికి వచ్చునో రావో! పైగా బ్యాట్లు లావెక్కినవి. అంచు మందము 40 మిల్లీమీటర్లు మించరాదని 2017లో నియమము చేయవలసివచ్చెను. సరిహద్దు త్రాడు లోనికి జరిగినది. పూర్వము మైదానము లోపలనే ఫీల్డరు చేత చిక్కవలసిన తప్పుడు దెబ్బ నేడు ప్రేక్షకుల నడుమ పడుచున్నది. ఒకదినపు పోటీలలో 2011 నుండి రెండు కొసలకు రెండు క్రొత్త బంతులు వాడుటచే ఏ బంతియు 25 ఓవర్లకు మించి పాతబడక, స్పిన్నరు వ్రేళ్లకు పట్టు చిక్కదాయెను. 2025లో ఈ నియమమును సడలించి, 34 ఓవర్ల పిమ్మట ఒక్క బంతినే యుంచిరి.

స్పిన్నరునకు కలిసివచ్చినవి లేవని కాదు. కాలిపట్టీని అడ్డుపెట్టి తప్పించుకొను బ్యాట్స్‌మన్‌ను నేడు కెమెరాలు పట్టి యిచ్చుచున్నవి. పొట్టి పోటీలలో లెగ్ స్పిన్ నశించునని భయపడినవారి అంచనాయు తప్పినది; ఆఫ్ఘనిస్థాను బౌలరు రషీద్ ఖాన్ అందులకు సాక్షి. కాని ఆతని బలము చేతి వడియందును, బంతి ఎటు తిరుగునో తెలియనీయని మణికట్టునందును కలదు. తేలవేయుటయందు కాదు. అది నేర్చినవాడు నిలిచినాడు. గాలినే నమ్ముకొన్నవాడు తెరమరుగగుచున్నాడు.

హైదరాబాదు ఆఫ్ స్పిన్నరు గులాం అహ్మద్ 1956లో కలకత్తా టెస్టున ఆస్ట్రేలియాపై ఒకే ఇన్నింగ్సులో 49 పరుగులకు 7 వికెట్లు తీసెను. ఆతనిని 24 బంతుల తక్కెడలో తూచిన ఏమగునో ఊహింప మనసొప్పదు.

ఆ తరువాతి తరమున బిషన్ సింగ్ బేడీ 67 టెస్టులలో 266 వికెట్లు గడించెను. తన బంతిని సిక్సరు కొట్టిన బ్యాట్స్‌మన్‌కు ఆతడు చప్పట్లు కొట్టెడివాడు. అది కేవలము మర్యాదయే యని నేను నమ్మను. ఆ మెప్పు విన్న బ్యాట్స్‌మన్ తరువాతి బంతికి గూడ ముందుకు దూకునని బేడీకి తెలియకుండునా?