ప్యూబ్లా... పళ్లెంలో ప్రపంచం!

ఎండుమిర్చీ చాక్లెట్టూ కలిపి నూరి కోడికూర వండుతారు. పచ్చ, తెలుపు, ఎరుపు రంగులతో జాతీయజెండానే పళ్లెంలో వడ్డిస్తారు. ఇళ్ల గోడలకు బొమ్మల పలకలు తాపడం చేస్తారు. ఆ ఊళ్లోనే ఓ చర్చిలో మన దేశపు ఆడపడుచు శాశ్వతనిద్రలో ఉంది. మెక్సికోలోని ప్యూబ్లా విశేషాలివి. చూసొద్దాం రండి.

మిరపకాయకు పుట్టిల్లు ఏదో తెలుసా? మన గుంటూరు కాదు, మెక్సికో! ప్యూబ్లా రాష్ట్రంలోని టెవాకాన్ లోయ గుహల్లో తవ్వితే వేల ఏళ్లనాటి మిరప, మొక్కజొన్న అవశేషాలు బయటపడ్డాయి. అక్కడెక్కడో పుట్టిన మిరప పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలెక్కి మనదాకా వచ్చింది. ఆవకాయలో చేరి మనదే అయిపోయింది. మరి పుట్టింటివాళ్లు దాన్ని ఎలా వండుకుంటారు? అది చూడాలంటే ఆ రాష్ట్ర రాజధాని ప్యూబ్లాకే వెళ్లాలి.

మెక్సికో సిటీ నుంచి దాదాపు 130 కిలోమీటర్లు. బస్సెక్కితే రెండు గంటల ప్రయాణం. సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది కాబట్టి మొదటిరోజు నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావచ్చు. కంగారుపడనక్కర్లేదు.

దేవదూతలు గీసిన వీధులు

1531లో స్పెయిన్‌వాళ్లు కట్టుకున్న ఊరిది. దేవదూతలే దిగివచ్చి తాళ్లతో కొలిచి వీధులు గీశారని ఓ కథ. అందుకే దీన్ని 'దేవదూతల ప్యూబ్లా' అంటారు. కథ మాటెలా ఉన్నా వీధులు మాత్రం చదరంగం బల్లమీది గళ్లలా తిన్నగా ఉంటాయి. వాటి పేర్లలో అంకెలూ దిక్కులూ ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు కూడా దారి తప్పరు. ఈ పాతనగరానికి 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

నగరం నడిబొడ్డున చెట్లనీడల చౌకు, జోకలో. దాని పక్కనే కేథడ్రల్. 1575లో మొదలుపెడితే 1649లో గానీ ప్రతిష్ఠ జరగలేదు. దాదాపు 70 మీటర్ల ఎత్తున్న జంట గోపురాలు ఊళ్లో ఎటునుంచి చూసినా కనిపిస్తాయి.

కేథడ్రల్‌కు ఎదురుగా ఉన్న పాత భవనంలో మేడమీదికి వెళ్తే పలఫాక్సియానా గ్రంథాలయం. 1646లో పలఫాక్స్ అనే బిషప్పు తన దగ్గరున్న అయిదువేల పుస్తకాలనూ ఊరికి ఇచ్చేశాడు. ఒకటే షరతు... మతగురువులకే కాదు, చదవడం వచ్చిన ప్రతి ఒక్కరికీ తలుపులు తెరిచి ఉంచాలి. ఇప్పుడక్కడ 45 వేలకు పైగా పుస్తకాలున్నాయి. చెక్కిన కర్ర అల్మారాలు నేలనుంచి పైదాకా వరసలు తీరి ఉంటాయి. అమెరికా ఖండాల్లో తొలి ప్రజాగ్రంథాలయంగా దీనికి పేరు.

అక్కణ్నుంచి నాలుగు వీధులు నడిస్తే శాంటో డొమింగో చర్చి. లోపల 1690లో పూర్తయిన రొజారియో ప్రార్థనామందిరం. గోడలకూ కప్పుకూ బంగారు రేకు తాపడమే. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేదాకా దించబుద్ధి కాదు.

సన్నికల్లు మీద చాక్లెట్!

ఇక ఆకలేస్తుంది. మొదటిపూట 'మోలే పొబ్లానో' తినాల్సిందే. మోలే అంటే అక్కడి ఆదివాసుల నావాటల్ భాషలో పులుసులాంటిదని అర్థం. సాంతా రోసా కాన్వెంటుకు పెద్దలు విందుకొస్తున్నారని తెలిసి, ఓ సన్యాసిని వంటింట్లో ఉన్నవన్నీ కలిపి నూరి వండేసిందని కథ చెబుతారు. బొమ్మల పలకలు పొదిగిన ఆ వంటిల్లు నేటికీ ఉంది.

ఆ గదిని చూస్తే కథ నమ్మాలనిపిస్తుంది. కానీ కూరలోని దినుసులు చెప్పే కథ ఇంకా పెద్దది. మూడు నాలుగు రకాల ఎండుమిర్చి, టొమాటో, వేరుసెనగలు, కాస్త చాక్లెట్ అమెరికా ఖండాలవి. నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, లవంగాలు, దాల్చినచెక్క, మిరియాలు సముద్రాలు దాటొచ్చినవి. అన్నిటినీ విడివిడిగా వేయించి, మన సన్నికల్లులాంటి రాతిమీద మెత్తగా నూరి, గంటల తరబడి ఉడికిస్తారు. కోడిమాంసం మీదో టర్కీ కోడి మీదో పోసి పైన నువ్వులు చల్లుతారు. చాక్లెట్ అనగానే తియ్యగా ఉంటుందనుకునేరు! కారం, వగరు, సన్నటి తీపి ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. గుత్తివంకాయ మసాలా నూరిన చేతులకు ఈ రుచి మరీ పరాయిదేం కాదు.

మోలే వడ్డించే పళ్లెం కూడా చూడదగిందే. తెల్లటి మెరుగుమీద నీలి పువ్వులుంటే అది ప్యూబ్లా 'తలవెరా'. ఆ పనితనం స్పెయిన్‌ది, ఆ నీలి సోకు చైనా పింగాణీని చూసి నేర్చుకున్నది. ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికోకు 1565 మొదలు 1815 దాకా నడిచిన ఓడల్లో పట్టు, పింగాణీ, సుగంధద్రవ్యాలు వచ్చేవి.

మనుషులూ వచ్చేవారు... బానిసలుగా.

మన మిర్రా

జోకలోకు ఓ వీధి అవతల 'లా కంపానియా' చర్చి. చాలామంది పర్యాటకులు బయటినుంచే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మనం మాత్రం లోపలికెళ్లాలి. అక్కడ ఖననమైన కతరీనా దె సాన్ హువాన్ అసలు పేరు మిర్రా. మొఘలుల ఏలుబడిలోని ప్రాంతంలో పెద్దింట పుట్టిందని ఆమె జీవితకథ రాసిన మతగురువులు చెప్పారు. చిన్నవయసులోనే పోర్చుగీసు ఓడదొంగలు ఎత్తుకుపోయారు. కొచ్చిన్‌లో బాప్తిజం ఇచ్చి పేరు మార్చారు. మనీలాలో అమ్మేశారు. ఓడలో పసిఫిక్ దాటించి, 1620ల ప్రాంతంలో ప్యూబ్లాలోని ఓ వర్తకుడి ఇంటికి చేర్చారు.

ఆ తర్వాత ఆమె ఈ ఊరు దాటలేదు. యజమాని చనిపోయాక స్వేచ్ఛ దొరికినా తిరిగి రావడానికి దారి ఎక్కడిది? ప్రార్థనలతో, ఉపవాసాలతో బతికిన ఆమెను జనం పుణ్యస్త్రీగా కొలిచారు. 1688 జనవరిలో కన్నుమూస్తే అంతిమదర్శనానికి విరగబడ్డారు. ఓ మతగురువు ఆమె చరిత్రను మూడు సంపుటాలు రాస్తే, మత న్యాయస్థానం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

ఆసియానుంచి వచ్చినవారెవరినైనా 'చీనా'లనడం అప్పటి వాడుక. ఆమె 'చీనా పొబ్లానా' అయింది. ఇప్పుడు ఆ పేరు చెబితే మెక్సికోలో అందరికీ గుర్తొచ్చేది తెల్లరవికె, తళుకులద్దిన పావడా వేసుకుని నాట్యమాడే అమ్మాయి. నిజానికి ఆ వేషం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది, మిర్రాకు దాంతో సంబంధం లేదంటారు చరిత్రకారులు. పావడాకు ఉన్న పేరు తనకు లేకుండా పోయిన ఆ తల్లికి ఓ నమస్కారం పెట్టి కదులుదాం.

వీధి రుచులు

జులై నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే 'చిలే ఎన్ నొగాడా' వదలకూడదు. పెద్ద పొబ్లానో మిరపకాయలో ఖీమా, పండ్లముక్కలు కూరి, పైన తాజా అక్రోటు పప్పుల తెల్లటి ముద్ద పోసి, ఎర్రటి దానిమ్మ గింజలు చల్లుతారు. స్వాతంత్ర్యం వచ్చిన 1821లో సేనాని ఇతుర్బిదే కోసం సన్యాసినులు దీన్ని వండారని ప్రతీతి. కొత్త అక్రోటూ దానిమ్మా చేతికొచ్చేది ఆ నెలల్లోనే మరి.

మధ్యాహ్నం ఎల్ కార్మెన్ మార్కెట్‌లో 'సెమిటా'. నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలో వేయించిన మాంసం, అవకాడో, జున్ను, పాపలో అనే ఘాటైన ఆకు. ఒక్కటి తింటే రాత్రిదాకా ఆకలుండదు. 1930ల్లో పశ్చిమాసియా వలసదారులు తెచ్చిన ఊచమాంసమే 'టాకోస్ అరాబెస్'. వాళ్ల గొర్రెమాంసం ఇక్కడ పందిమాంసమైంది. తీపి కావాలంటే మిఠాయిల వీధి ఉండనే ఉంది. చిలగడదుంపతో చేసే 'కామోతె' మన హల్వాకు దూరపు చుట్టం.

గుడిమీద గుడి

సాయంత్రానికి పక్కనే ఉన్న చోలూలా చేరాలి. చూడ్డానికి గడ్డిమొలిచిన గుట్ట, దానిమీద చర్చి. కానీ అది గుట్ట కాదు. ఒక్కోవైపు దాదాపు 400 మీటర్లున్న పిరమిడ్! ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ ఈ ఊళ్లో వేలమందిని చంపించాడు. ఆ శతాబ్దం ముగిసేలోపే పిరమిడ్ నెత్తిన చర్చి వెలిసింది. 2017 సెప్టెంబరు 19నాటి భూకంపంలో అది దెబ్బతింటే మళ్లీ బాగుచేసుకున్నారు.

పైకెక్కితే పడమట పొపొకటెపెటిల్ అగ్నిపర్వతం, 1994 నుంచి పొగ కక్కుతూనే ఉంది. తూర్పున ప్యూబ్లా గోపురాలు. అక్కడ నిలబడితే పొద్దున తిన్న మోలే మళ్లీ గుర్తొస్తుంది. ఎవరెవరివో దినుసులు, కొన్ని ఇష్టంగా వచ్చినవి, కొన్ని బలవంతాన తెచ్చినవి. మిరపకాయ అక్కణ్నుంచి మనదగ్గరికొచ్చి మన ఇంటిదైంది. మిర్రా మన దగ్గర్నుంచి వెళ్లి వాళ్ల ఊరిదైంది. ఇద్దరిలో ఎవరినీ ఎవరూ అడగలేదు!

వెళ్లేవారికి...

* నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం. నొగాడా కోసం వెళ్తే వానకు గొడుగు తప్పనిసరి.

* చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు.

* శాకాహారులు 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అని చెప్పాలి. అయినా మోలేలో కోడి రసం, చిక్కుడు గింజల్లో పందికొవ్వు కలుస్తాయి. అడిగి తినడం మంచిది.

* 'పికా?' అంటే కారమా అని అర్థం. కొంచెమే అన్నారని ధైర్యంగా నోట్లో పెట్టుకోవద్దు. అది మిరపకాయ పుట్టిల్లు!