పటానికి బొట్టు

మా ఇంటి చావడిలో భగత్ సింగ్ పటం ఒకటి ఉండేది. నెత్తిన టోపీ, పెదవిమీద కోరమీసం. దసరా వచ్చిందంటే మా అమ్మ దేవుళ్ళ పటాలతోపాటు దానికీ కుంకుమబొట్టు పెట్టేది. ఆ మనిషి దేవుణ్ణి నమ్మనివాడని ఆమెకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

కాలేజీలో చేరాక, ‘నేను నాస్తికుణ్ణెందుకయ్యాను?’ అనే ఆయన వ్యాసం చదివాను. 1930 అక్టోబరు మొదటివారంలో లాహోరు జైల్లో వ్రాశాడు. అక్టోబరు 7న ఉరిశిక్ష విధించారు. తీర్పు ఎలా ఉండబోతుందో వ్రాస్తున్నప్పుడే ఆయనకు తెలుసు!

కీర్తి తలకెక్కి నాస్తికుడయ్యాడని ఎవరో అన్నారట. దానికి సమాధానమే ఈ వ్యాసం. తాతగారు ఆర్యసమాజీయులు. తానూ చిన్నప్పుడు లాహోరు హాస్టల్లో గంటలకొద్దీ గాయత్రి జపించినవాడే. తరువాత బకూనిన్‌నూ, మార్క్స్‌నూ చదివాడు. 1926 చివరికే, అంటే పేరు రాకముందే, నమ్మకం పోయింది. 1927లో అరెస్టు చేసినప్పుడు ప్రార్థన చేసుకోమని పోలీసు అధికారులే నచ్చజెప్పారట, చెయ్యలేదు.

సర్వశక్తిమంతుడు చేసిన లోకంలో ఇంత దుఃఖమెందుకని ఆయన ప్రశ్న. పూర్వజన్మ పాపమంటే ఒప్పుకోడు. తెల్లవాళ్ళు మనల్ని ఏలుతున్నది దేవుడి ఆజ్ఞతో కాదు, వాళ్ళకు బలముంది గనుక, ఎదిరించే తెగువ మనకు లేదు గనుక అంటాడు. నమ్మకముంటే కష్టం తేలికవుతుందని కూడా ఒప్పుకుంటాడు. అయినా మెడకు ఉరితాడు పడిన క్షణమే తనకు ఆఖరి క్షణమని తెలిసే, ఆ ఊరట వద్దనుకున్నాడు.

1931 మార్చి 23న ఉరితీశారు. అప్పటికి వయస్సు 23 ఏళ్ళు. వ్యాసం ఆ సెప్టెంబరు 27న లాహోరు ‘పీపుల్’ పత్రికలో వచ్చింది.

నన్ను పట్టి కుదిపినమాట మరొకటుంది. ఎంతటి మహాత్ముణ్ణయినా విమర్శించకూడదనడం తప్పని ఆయన వాదం. మరి మేము ఆయనకే బొట్టు పెట్టి కూర్చున్నాం!

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణే. మొన్న అమ్మకు ఆపరేషనయినప్పుడు గది బయట నిలబడి మొక్కుకున్నాను. సిగ్గుపడలేదు, కాని అలాంటి గడియలోనే ఆయన మొక్కలేదన్న సంగతి గుర్తుకొచ్చింది.

ఇంటికి వచ్చాక అమ్మకు ఆ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, “ఉరికొయ్యకు బెదరనివాడు నా బొట్టుకు బెదురుతాడా?” అంది.

ఈ దసరాకూ పెట్టింది. నేను ఆ పటం క్రింద పుస్తకం పెట్టాను, మా పిల్లలకు అందేటట్టు.