‘తప్పు’ అన్న తర్వాత ఏం చెప్పాలి?

చెన్నై శివారు పట్టాభిరామ్‌లో మూడో తరగతి చదివే పిల్లవాడు 52లో 38 తీసేసి 26 అని రాశాడనుకోండి. నోటుపుస్తకంలో ఎర్ర ఇంక్‌తో ఇంటూ పడుతుంది. ఇంట్లో ‘చూసి చెయ్యమంటే వినవు కదా’ అని ఒక మాటా పడుతుంది. నిజానికి వాడు చూసే చేశాడు. 2లో 8 పోదు కాబట్టి 8లో 2 తీశాడు, 5లో 3 తీశాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని వాడికి తట్టలేదు. ఆ ఇంటూ మార్కు జవాబు తప్పని చెప్పిందే గానీ ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చెప్పలేదు. రేపు 61లో 45 తీయమంటే మళ్లీ 24 అనే రాస్తాడు. ‘ఎలా చేశావు నాన్నా, చెప్పు’ అని అడిగితే క్షణాల్లో దొరికే పొరపాటు ఇది.

తప్పని చెప్పడానికీ, ఎక్కడ తప్పిందో చూపడానికీ ఉన్న ఈ తేడా చిన్న వయసులో ఇంకా పెద్దది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు 8–9 ఏళ్ల పిల్లలకు, 11–13 ఏళ్ల వాళ్లకు, పెద్దవాళ్లకు ఒకే రకం పని ఇచ్చి, స్కానర్‌లో వాళ్ల మెదడును గమనించారు. తర్వాతి ఎంపికను సరిదిద్దుకోవడానికి తోడ్పడే భాగాలు చిన్నపిల్లల్లో ‘సరే’ అన్నప్పుడు బాగా స్పందించాయి. పెద్దవాళ్లలో ‘తప్పు’ అన్నప్పుడు స్పందించాయి. మధ్య వయసు వాళ్లు మారే దశలో కనిపించారు. కారణం ఊహించడం కష్టం కాదు. ‘సరే’ అంటే చేస్తున్నదే చేయాలి. ‘తప్పు’ అంటే ఏది తప్పో వెతకాలి, దాన్ని వదలాలి, ఇంకో దారి ఎంచుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లకు ఇన్ని పనులు ఒంటరిగా అప్పజెప్పడం న్యాయం కాదు.

తప్పు ఎక్కడుందో వెతకడం పిల్లవాడికి నేర్పిన ఉదాహరణ ఒకటి దగ్గర్లోనే ఉంది. పట్టాభిరామ్‌కు ఎంతో దూరం లేని అయనంబాక్కం బడిలో చదివిన తెలుగు కుటుంబపు పిల్లవాడు, చెస్ ఆటగాడు దొమ్మరాజు గుకేశ్. అతని కోచ్ విష్ణు ప్రసన్న ఒక గట్టి నిర్ణయం తీసుకున్నారు: గ్రాండ్‌మాస్టర్ స్థాయి వచ్చేదాకా ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, అంటే చెస్ ఇంజన్, వద్దన్నారు. ఇంజన్ సరైన ఎత్తు చెప్పేస్తుంది. తాను వేసిన ఎత్తు ఎందుకు వేశాడో తవ్వుకునే పని పిల్లవాడికి మిగలదు. ఓడిన ఆటను ముందు తన బుర్రతోనే విప్పి చూసుకోవాలి. 2019లో, 12 ఏళ్లకే, గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన, ప్రపంచ టైటిల్ పోరుకు అర్హత ఇచ్చే క్యాండిడేట్స్ టోర్నీ ఏడో రౌండ్‌లో ఫిరూజ్జా చేతిలో ఓడాడు. ఆ ఓటమే తనను మలుపు తిప్పిందని తర్వాత చెప్పాడు. ఆ టోర్నీ గెలిచాడు, డిసెంబరులో ప్రపంచ విజేత అయ్యాడు. ఇంజన్‌కు దూరంగా ఉంచినందుకే గెలిచాడని నేననను. కానీ జవాబు కంటే ముందు కారణాన్ని వెతికించిన ఆ క్రమం మన పిల్లలందరికీ పనికొస్తుంది.

పట్టాభిరామ్, తిరుత్తణి వైపు మన తెలుగు ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. పిల్లలకు బడిలో తమిళమో ఇంగ్లీషో, ఇంట్లో తెలుగు. టీచర్ ముందు నోరు విప్పని పిల్ల తన లెక్క వెనకున్న ఆలోచనను అమ్మతో ఇంటి తెలుగులో చెప్పగలదు. అందుకే ఈ సాయంత్రం నోటుపుస్తకంలో ఇంటూ కనిపిస్తే వెంటనే కోప్పడకండి, వెంటనే సరైన జవాబూ చెప్పకండి. ఎలా చేసిందో ముందు మీ మాటల్లోనే అడగండి. చెప్పిందాంట్లో సరిగ్గా ఉన్నంతవరకు ‘ఇది సరే’ అనండి. తప్పిన ఆ ఒక్క అడుగు చూపించి, మళ్లీ చెయ్యనివ్వండి.